ఎవరి వ్యాకరణం? ఎవరి తప్పు?

మన వాడల పిల్లలు ఇంగ్లీషు నేర్వాలె. ఇందులో మాకు రెండో మాట లేదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోకి ఇంగ్లీషు మీడియం వచ్చింది. మంచిదే. కాని పాతబస్తీలో గౌలిపురా పిల్లయినా, ఉప్పుగూడ పిల్లగాడైనా ఇంగ్లీషులో నోరు తెరిస్తే చాలు, 'గ్రామర్ తప్పు' అని నోరు మూయిస్తున్నరు. ఆ గ్రామర్ ఎవరు చేసిండ్రు? అది ఆకాశం నుంచి ఊడిపడిందా?

వాక్యం చివర 'ఆఫ్', 'విత్' లాంటి మాటలు పెట్టొద్దంటరు. 1672లో డ్రైడెన్ అనే కవి, తనకన్నా ముందటి కవి బెన్ జాన్సన్‌ను ఇదే సాకుతో తప్పుపట్టాడు. అంతకుముందూ, ఆ తర్వాతా ఇంగ్లీషు జనం అట్లనే మాట్లాడుతున్నరు. రెండు 'కాదు'లు కలిస్తే 'అవును' అవుతుందంటరు. 1762లో వ్యాకరణం అచ్చేసిన రాబర్ట్ లౌత్ అనే మతగురువు దీన్ని ప్రచారంలో పెట్టాడు. 1795లో లిండ్లీ మర్రే దాన్ని బడిపుస్తకంలోకి ఎక్కించాడు. మరి షేక్‌స్పియర్ రెండు 'కాదు'లు కలిపి 'కాదు' అనే అర్థంలోనే రాశాడు కదా! ఆ లౌత్ షేక్‌స్పియర్‌లోనే తప్పులెన్నాడు. ఇక మన పిల్లలెంత?

అమెరికాలో నల్లజాతి పేదలు నేటికీ అట్లనే మాట్లాడుతరు. వాళ్లకు భాషే రాదన్నరు పెద్దలు. ఆ మాటలకూ పక్కా నియమాలున్నాయని 1969లో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త రుజువు చేశాడు.

మన తెలుగు సంగతి వేరే ఉన్నదా? చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో కావ్యభాషకే గద్దె వేసింది. గిడుగు రామమూర్తి దానిమీద కొట్లాడాడు, గెలిచాడు. అయితే గద్దెనెక్కింది 'శిష్ట' వ్యావహారికం. శిష్టులెవరు? చదువుకున్న అగ్రకులాలే. మాదిగవాడ మాట, మాలపల్లె మాట, తెలంగాణ యాస సినిమాల్లో నవ్వులాటకు మిగిలాయి.

అట్లని వ్యాకరణం వద్దని మేము అనడం లేదు. 'హీ గో' కాదు 'హీ గోస్' అని పరీక్ష అడుగుతది, ఉద్యోగం అడుగుతది. అది నేర్వాల్సిందే. మేం అడిగేది ఒక్కటే: ఏది అర్థానికి అవసరమో, ఏది పెద్దలు గీసుకున్న గీతో విడదీసి చెప్పండి. వాడవాడనా సంఘాలు బడికి పోవాలె, తప్పు దిద్దే పంతులును ఈ ప్రశ్న అడగాలె.

అయ్యా పంతుళ్లూ, నియమం నేర్పుండ్రి. సిగ్గు నేర్పకుండ్రి!

జై భీమ్!