ఎగిరి దూకేదీ ఆటే

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దులు బండ లాగుతుంటే చుట్టూ చేరిన జనం ఈలలు, కేకలతో హుషారెత్తిస్తారు. ఆ కేకలు ప్రోత్సాహమే, పోటీ కాదు. 2008లో ఐపీఎల్‌తో మన టీవీల్లోకి వచ్చిన బౌండరీ పక్క చీర్‌లీడర్ల చిందులూ అంతే.

పోటీ చీర్‌లీడింగ్ వేరు. ముగ్గురు నలుగురు కలిసి ఒకరిని గాల్లోకి విసిరి, నేల తగలకుండా చేతులతో అందుకోవాలి. అడుగు తడబడితే పాయింట్లు పోతాయి, మెడ విరిగే ప్రమాదమూ ఉంది. 2010లో అమెరికాలో క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం కేసులో కోర్టు దీన్ని క్రీడగా ఒప్పుకోలేదు. ఒకే తీరు నియమాలు, పద్ధతైన పోటీలు అప్పటికి లేకపోవడమే కారణం. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ చీర్ సమాఖ్యకు పూర్తి గుర్తింపు ఇచ్చింది. అది సరైన నిర్ణయం.

మన కేంద్రం కూడా 2020లో యోగాసనాన్ని పోటీ క్రీడగా గుర్తించింది. మరి రాయలసీమ చెక్కభజన మాటేమిటి? కాళ్లకు గజ్జెలు, చేతిలో చెక్కలు. గురువు అడుగు మార్చగానే జట్టంతా ఒక్క ఊపున ఎగరాలి, కూర్చోవాలి, తిరగాలి, పాట మాత్రం ఆగకూడదు. ఇంత కసరత్తును సాంస్కృతిక కార్యక్రమాల చివర్లో పది నిమిషాలకు పరిమితం చేయడం అన్యాయం. ఆదోని, ఎమ్మిగనూరు బడుల క్రీడాపోటీల్లో దానికి నియమాలు రాసి, శిక్షకులను పెట్టి, చోటివ్వాలి.