పాట నెట్‌లో పెడితే చాలదు, వెతికితే దొరకాల

పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది. పాడ్‌కాస్ట్ పెట్టినవాళ్లు, పెట్టాలనుకుంటున్నవాళ్లు ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

ఈ మధ్య మన పిల్లలు సెలవులకు తాండాకు పోయినప్పుడు ఫోన్ పట్టుకుని ముసలోళ్ల దగ్గర కూర్చుంటున్నారు. హోలీకి పాడే లేంగి పాటలు, తీజ్ పాటలు, కరువు ఏండ్ల ముచ్చట్లు, వలస పోయిన కతలు రికార్డు చేస్తున్నారు. కొందరు సొంతంగా వెబ్‌సైట్ కట్టి అందులో పెట్టాలని చూస్తున్నారు. చాలా మంచి పని. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఆడియో ఎక్కించడంతో సగం పనే అయినట్టు. దాని కింద మాటలు రాయకపోతే, మనల్ని లోకం పిలిచే పేర్లు ఆ పేజీలో లేకపోతే, ఆ పాట నెట్‌లో ఉన్నా లేనట్టే.

ఎందుకో చెప్తాను. సెర్చ్ ఇంజిన్ మన అవ్వ గొంతు విని మురిసిపోదు. గూగుల్ గానీ బింగ్ గానీ పంపే ప్రోగ్రామ్ ఒకటి పేజీ పేజీకీ తిరుగుతూ ముఖ్యంగా అక్షరాలు చదువుకుంటుంది. మన పేజీలో ఒక ప్లే బటన్, పైన "ఎపిసోడ్ 7" అని మాత్రమే ఉంటే, దానికి దొరికేది ఆ రెండు ముక్కలే. "ఎపిసోడ్ 7" అని ఎవరు వెతుకుతారు? బెంగుళూరులో పుట్టి పెరిగిన మన పిల్ల ఎప్పుడో "తీజ్‌కు బుట్టలో గోధుమలు ఎందుకు మొలకెత్తిస్తారు" అని వెతుకుతుంది. ఆ మాటలు మన పేజీలో ఉంటే కదా మనం దొరికేది!

"గూగులోళ్లే పాడ్‌కాస్టులకు ఏదో ఏర్పాటు చేశారంట కదా" అని కొందరు అంటారు. చేశారు, తీసేశారు కూడా. 2018లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ అని యాప్ తెచ్చి, 2024లో మూసేశారు. ఆపిల్ వాళ్లు 2024లో ఎపిసోడ్లకు మాటలు వాటంతట అవే అక్షరాల్లో వచ్చే సౌకర్యం మొదలుపెట్టారు గానీ, అది మొదలైంది ఇంగ్లీషు, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ భాషలతో. తెలుగులో మాట్లాడితే టైపయ్యే సౌకర్యం గూగుల్ 2017లో ఇచ్చింది. మన గోర్ బోలీకి ఆ పని మనమే చేసుకోవాల.

ఇప్పుడు పేర్ల సంగతి. మా మండలం పేరే చూడండి. ఒకరు గుమ్మఘట్ట అంటారు, ఒకరు గుమ్మగట్ట అని రాస్తారు. మా దగ్గరున్న డ్యామును ఒకరు భైరవానితిప్ప అంటారు, ఇంకొకరు బీటీపీ అంటారు. తండా అని రాసేవాళ్లున్నారు, తాండా అని రాసేవాళ్లున్నారు. ఒక ఊరికే ఇన్ని ఉంటే, ఒక జాతికి ఎన్ని ఉండాల? అనంతపురం పక్క సుగాలీలం. తెలంగాణలో లంబాడీలం. మా మండలం దాటి కర్ణాటకలో కాలు పెడితే లంబాణీలం, లమాణీలం. మహారాష్ట్రలో బంజారాలం. మనలో మనం మాత్రం గోర్. ప్రభుత్వ జాబితాలూ అట్లే చీలిపోయాయి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. లిపి కూడా అంతే. ఇక్కడ తెలుగు అక్షరాల్లో, సరిహద్దు అవతల కన్నడంలో, ఇంకా పైకి పోతే దేవనాగరిలో రాస్తారు. మా వైపు తాండాలో పాడిన పాట చిత్రదుర్గం వైపు తాండావాళ్లకు వింటే అర్థమవుతుంది. కానీ మనం "సుగాలి" అని తెలుగులో రాసి ఊరుకుంటే, "లంబాణి" అని కన్నడంలో వెతికే వాళ్లకు అది దొరకడం కష్టం.

2011 జనాభా లెక్కల్లో లమాణీ/లంబాడీ మా మాతృభాష అని చెప్పుకున్నవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. ఆ లెక్కను ఎక్కడ కలిపారో తెలుసా? హిందీ కింద. మన మాటను ఇంకో మాట కింద కట్టేసిన లెక్క అది. నెట్‌లో మన భాషలో రాసిన అక్షరాలు లేకపోతే అక్కడ కూడా అదే జరుగుతుంది.

ఇదేదో టెక్నికల్ విషయం అనుకోవద్దు. మనం చెప్పకపోతే మన గురించి ఇతరులు చెప్పిందే ముందు దొరుకుతుంది. ఎరుకల అన్నదమ్ములకు ఇది బాగా తెలుసు. 1871లో బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి జాతులకు జాతుల్నే నేరస్తులన్నారు. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. స్టువర్టుపురం పేరుతో 1991లో చిరంజీవి సినిమా వచ్చింది, 2023లో రవితేజ "టైగర్ నాగేశ్వరరావు" వచ్చింది. ఒకసారి ఆ ఊరి పేరు కొట్టి చూడండి. సినిమాలు, దొంగల కతలు ఎన్ని ఉన్నాయో, ఆ ఊరోళ్లు సొంత నోటితో చెప్పుకున్నవి ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

సరే, ఏం చేయాల? పెద్ద చదువేం అక్కర్లేదు.

ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో పేజీ ఉండాల. శీర్షికలో విషయం చెప్పాల: "ఎపిసోడ్ 7" కాదు, "హోలీ లేంగి పాటలు: గుమ్మఘట్ట మండలం సుగాలి తాండా" అని. పాట అయితే మాటలన్నీ తెలుగు అక్షరాల్లో గోర్ బోలీలోనే రాయండి, కింద తెలుగులో అర్థం ఇవ్వండి. ముచ్చట అయితే మొత్తం రాయలేకపోయినా, ఎవరు ఏం చెప్పారో పది పదిహేను వాక్యాలైనా ఉండాల. కన్నడం రాయడం వచ్చిన స్నేహితులుంటే నాలుగు వాక్యాలు కన్నడంలో వేయించండి. మనోళ్లు చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేస్తారు కాబట్టి, పేజీ అడ్రసులో, ఒకటి రెండు వాక్యాల్లో ఆ రూపం కూడా ఉండనివ్వండి.

పేర్లన్నీ పెట్టమన్నాను కదా అని పేజీ అడుగున యాభైసార్లు గుప్పించొద్దు. దాన్ని గూగుల్ మోసం కింద లెక్కేస్తుంది. "అనంతపురంలో సుగాలీలు, తెలంగాణలో లంబాడీలు, కర్ణాటకలో లంబాణీలు అని పిలిచే గోర్ జనం" అని ఒక్క వాక్యంలో సహజంగా చెప్తే చాలు.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును నమోదు చేయండి. పైసా ఖర్చు లేదు. సైట్‌మ్యాప్ అని పేజీల జాబితా ఫైలు ఉంటుంది, అది ఇవ్వండి. ఏ మాట వెతికితే మీ పేజీ కనబడిందో అదే చూపిస్తుంది. వాట్సాప్ గ్రూపులో పంచుకున్నది ఆ గ్రూపు దాటి సెర్చ్‌లోకి రాదు. కాబట్టి కాలేజీ పేజీల్లో, ఒకరి సైటులో ఒకరం లింకులు ఇచ్చుకుందాం.

ఇంకో మాట. "మీ సైటును మొదటి స్థానానికి తెస్తాం, గ్యారంటీ" అని డబ్బులు అడిగేవాళ్లు ఉంటారు. అట్లా గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెప్తోంది. స్కాలర్‌షిప్ డబ్బులు అట్లాంటోళ్ల చేతిలో పోయొద్దు.

"మనది నోటి భాష, రాస్తే దాని జీవం పోతుంది" అనే పెద్దల మాటను నేను తీసిపారేయను. రాత పాటకు సాటి రాదు, నిజమే. కానీ ఇక్కడ రాత పాటకు బదులు కాదు, పాట దగ్గరికి చూపించే దారి. మన సేవాలాల్ మహారాజ్ కతలు ఇన్నేండ్లు నోటి మీదే నిలిచాయంటే, వినేవాళ్లు పక్కనే కూర్చున్నారు కాబట్టి. ఇప్పుడు వినేవాళ్లు బెంగుళూరులో, హైదరాబాదులో, ఇంకా దూరంగా ఉన్నారు. వాళ్లు తాండాకు రాలేనప్పుడు వెతికేది ఫోన్లోనే.

అన్నీ దొరకాలని మాత్రం నేననను. పెళ్లిలో ఆడపిల్లను సాగనంపేటప్పుడు ఏడ్చే ఏడుపు, చావు దగ్గర పాడే పాట, ఇంటి గొడవ, ఇవి లోకానికి పెట్టొచ్చా లేదా అని పాడిన మనిషిని అడగాల. "ఇది నెట్‌లో పెడితే ఎవరైనా వెతికి వింటారు అవ్వా" అని అర్థమయ్యేట్టు చెప్పి అడగాల. వద్దంటే పెట్టొద్దు. సైటులో పెట్టి సెర్చ్‌కు కనబడకుండా దాచుదామనుకోవద్దు. లింకు ఒక్కరి చేతిలో పడితే చాలు, ఊరంతా తిరుగుతుంది.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న రికార్డింగుల్లో ఒక్కటి తీసుకోండి. ఈ ఆదివారం కూర్చుని దాని మాటలు రాయండి. అర్థం కాని మాట వస్తే ఇంటికి ఫోన్ చేసి అమ్మనో అవ్వనో అడగండి, వాళ్లకూ సంతోషం. రాసింది ఈ గ్రూపులో పెట్టండి, తప్పులుంటే అందరం కలిసి దిద్దుదాం. పది మంది పది పాటలు రాస్తే, వచ్చే ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతి నాటికి మన భాషలో వెతికేవాళ్లకు మన నోటి మాట పది చోట్ల దొరుకుతుంది.