వినకుండా ఓడ ఎక్కించొద్దు

2025 మే నెలలో ఢిల్లీలో పట్టుకున్న సుమారు 40 మంది రోహింగ్యాలను కళ్లకు గంతలు కట్టి అండమాన్‌కు తెచ్చారని, అక్కడ నౌకాదళ ఓడ ఎక్కించి, మయన్మార్ తీరం దగ్గర లైఫ్ జాకెట్లు ఇచ్చి సముద్రంలోకి దింపేశారని ఆరోపణ. వారిలో 15 మంది క్రైస్తవులని వార్తలొచ్చాయి. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి టామ్ ఆండ్రూస్ దర్యాప్తు మొదలుపెట్టారు. ఆధారాలేవని సుప్రీంకోర్టు పిటిషనర్లను నిలదీసింది. రోహింగ్యాలు శరణార్థులా, చొరబాటుదారులా అన్నది తేలాల్సి ఉందని అదే ఏడాది జులైలో చెప్పింది. అది తేలేదాకానైనా, ఎవరినీ అతని మాట అతని భాషలో వినకుండా ఈ దీవుల నుంచి ఓడ ఎక్కించకూడదు.

1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మనం సంతకం చేయలేదు, నిజమే. అయినా మతం వల్లో జాతి వల్లో వేధింపులకు భయపడి వచ్చానని చెప్పుకునే విదేశీయుల సంగతి పరిశీలించాలని 2011లో కేంద్ర హోంశాఖే రాష్ట్రాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు పద్ధతి నిర్దేశించింది. పరిశీలించాలంటే ముందు వినాలి. వినాలంటే మధ్యలో సరైన దుబాసీ ఉండాలి.

అండమాన్‌లో బెంగాలీ వచ్చినవారికి కొదవలేదు. అంతమాత్రాన ఎవరో ఒకరిని పిలిచి కూర్చోబెడితే చాలదు. రోహింగ్యా భాష చిట్టగాంగ్ మాటకు దగ్గర, కలకత్తా బెంగాలీకి దూరం. ఏ ఊరు విడిచావు, ఎప్పుడు విడిచావు, ఎవరు తరిమారు? జవాబులో ఒక్క తేదీ తారుమారైతే ‘పొంతన లేదు’ అని ఫైల్లో రాసేస్తారు. తప్పు దుబాసీది, శిక్ష మాత్రం చెప్పుకున్నవాడిది.

మతం మారినవారి పరిస్థితి మరీ కష్టం. 2020 జనవరిలో బంగ్లాదేశ్‌లోని కుటుపాలోంగ్ శిబిరంలో రోహింగ్యా క్రైస్తవ కుటుంబాలపై సాటి రోహింగ్యాలే దాడి చేశారని హ్యూమన్ రైట్స్ వాచ్ వెల్లడించింది. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషి తన సమాజానికే చెందిన దుబాసీ ఎదుట బాప్తిస్మం గురించి నోరు విప్పగలడా?

దేశ భద్రత మాటేమిటని కొందరు అడుగుతారు. అబద్ధం చెప్పేవాణ్ని పట్టుకోవాలన్నా అతను ఏం చెబుతున్నాడో ముందు సరిగ్గా తెలియాలి కదా! నిర్బంధానికి కారణాలను నిర్బంధితుడికి తెలిసిన భాషలో రాసివ్వాలని, అధికారి నోటితో చెప్పి సరిపెడితే చెల్లదని 1962లోనే హరికిషన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జీవించే హక్కు కల్పించే 21వ అధికరణం విదేశీయులకూ వర్తిస్తుంది.

తన మాట అర్థం కాని చోట చిక్కుకునే బాధ తెలుగువారికి కొత్త కాదు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. కరాచీ జైల్లో వాళ్ల తెలుగు గోడు ఎవరికి అర్థమై ఉంటుంది?

అండమాన్ యంత్రాంగం రోహింగ్యా, బర్మీస్, కరెన్ భాషల్లో శిక్షణ పొంది ప్రమాణం చేసిన దుబాసీల జాబితా తయారు చేయాలి. విచారణ మొత్తం రికార్డు చేయాలి. ఈ దుబాసీ వద్దనే హక్కు విచారణకు వచ్చిన మనిషికి ఉండాలి. ఇవేవీ లేకుండా సాగించే పంపివేత చట్టవిరుద్ధమని కలకత్తా హైకోర్టు పోర్ట్‌బ్లెయిర్ బెంచ్ విస్పష్టంగా ప్రకటించాలి.