స్క్రూలు కింద నుంచే ఎందుకు?



ఏడో తరగతిలో హీట్ పాఠం చెబుతూ కండక్టర్లకు ఉదాహరణ అడిగాను. ఇనుప పెనం, దాని చెక్క పిడి అని క్లాసంతా ఒకే గొంతుతో చెప్పింది. గైడులో ఉన్నదీ అదే. వెనక బెంచీ బాబు మాత్రం, "మేడమ్, మా డాడీ బల్లకి స్క్రూలు కింద నుంచి బిగిస్తున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ అర్థం కాలేదు.

తర్వాత అడిగితే తెలిసింది. వాళ్ల నాన్నగారు కొన్నేళ్లు ఫిన్లాండ్‌లో ఉద్యోగం చేసి వచ్చారట. అక్కడ సుమారు 55 లక్షల జనాభాకి 30 లక్షలకు పైగా సౌనాలు, అంటే ఒళ్లు చెమటలు పట్టేదాకా కూర్చునే వేడి గదులు, ఉన్నాయి. ఆ సంప్రదాయాన్ని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో కూడా చేర్చింది. అలాంటి గదినే ఆయన మేడ మీద సొంతంగా కట్టుకుంటున్నారు. (మన ఎండల్లో అదెందుకని నేనూ అనుకున్నాను, అది వేరే సంగతి.) లోపల 80 డిగ్రీల వేడి. చెక్క బల్ల మీద తుండు పరుచుకుని కూర్చోవచ్చు. అదే వేడిలో ఉన్న స్క్రూ తల తగిలితే మాత్రం చుర్రుమంటుంది. అందుకే పైకి కనబడకుండా బిగిస్తారు. గైడులో లేని జవాబు చెప్పింది ఆ బాబు ఒక్కడే.

ఆ గదిలో మా సిలబస్ ఎంతుందో చూడండి. 2 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, 2.1 ఎత్తు అనుకుందాం. 6.3 క్యూబిక్ మీటర్లు. క్యూబిక్ మీటరుకు సుమారు ఒక కిలోవాట్ లెక్కన 6 కిలోవాట్ల హీటర్ కావాలి, అంటే మూడు గీజర్లంత. 230 వోల్టుల దగ్గర అది 26 ఆంపియర్లు లాగుతుంది. గీజరు పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదని పిల్లలే లెక్క కట్టి చెప్పగలరు. పై బల్ల మీద వేడి ఎక్కువ, కింది బల్ల మీద తక్కువ ఎందుకంటే, అదే కన్వెక్షన్. వైరింగు మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చేయాలి, పిల్లలు దగ్గరకు రాకూడదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ ఉండకూడదు. ఎందుకో పిల్లల్నే అడగండి.

ఇంతకీ ఆ బాబు ఇప్పుడు మేడ ఎక్కడం లేదు. "యూనిట్ టెస్ట్ ఉందిగా మేడమ్, డాడీ వద్దన్నారు." టెస్టు హీట్ పాఠం మీదే! పైన నాన్నగారు ఆ పాఠాన్ని కడుతుంటే, కింద కొడుకు దాన్ని బట్టీ పడుతున్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆదివారానికి 40 ప్రశ్నల వర్క్‌షీట్ ఇచ్చింది నేనే. మార్కులు తగ్గితే మీరు నిలదీసేదీ నన్నే, ఆ భయంతోనే ఇచ్చాను.

మీ ఇంట్లో సౌనా కట్టక్కర్లేదు. చెప్పుల స్టాండు చేస్తున్నా సరే, టేపు రెండో కొస పిల్లల చేతికివ్వండి. తప్పు కొలిస్తే ఒక పలక పాడవుతుంది, పోనివ్వండి. ఎగ్జిబిషన్‌కి మనం షాపులో కొనిచ్చే మోడల్ కంటే అది చవకే.

ఆ బాబు డైరీలో ఈ వారం వర్క్‌షీట్ అక్కర్లేదని రాశాను. గది పూర్తయ్యాక నాన్నగారు థర్మామీటరు పెడితే, పై బల్లకీ కింది బల్లకీ ఎన్ని డిగ్రీల తేడా ఉందో రాసుకు రమ్మన్నాను.