నగరం మన ఊరికొచ్చింది, బస్సు రాలేదు

ప్రతి ఏడూ వార్షికోత్సవ సంచికలో చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాస్తుంటాం. ఈసారి నగర ప్రణాళిక గురించి రాస్తామంటే మిత్రులు కొందరు నవ్వారు. "అది ఇంజినీర్ల పని, మనకెందుకురా?" అన్నారు. మనకెందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేము హైదరాబాద్ అంచున ఉన్న ఈ హాస్టల్లో చేరిననాడు కిటికీలోంచి జొన్నచేలు కనబడేవి. ఇప్పుడు వెంచర్ల గేట్లు, వాటి మీద రంగురంగుల జెండాలు కనబడుతున్నాయి. రోడ్డు వెడల్పయింది, దీపాలొచ్చాయి. కాలేజీ నుంచి సాయంత్రం తిరిగొచ్చే బస్సు మాత్రం అప్పుడూ ఒక్కటే, ఇప్పుడూ ఒక్కటే. అది తప్పిపోతే షేర్ ఆటోలో క్రాస్‌రోడ్డు దాకా, అక్కణ్ణుంచి నడక. స్టడీ అవర్ అయిపోయాక చేరి, వంటక్క గిన్నెలో దాచిపెట్టిన అన్నం తిని పడుకున్న రాత్రులు మాలో ప్రతి ఒక్కరికీ ఉన్నాయి. చెల్లెళ్ళ హాస్టల్‌లో ఇంకో మాట చెప్పారు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది, మంచిదే. "బస్సే రాని రోడ్డు మీద ఉచితం ఏం చేసుకోవాలన్నా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

నగరం గీత మాత్రం జరుగుతూనే ఉంది. 2007లో 12 మునిసిపాలిటీలు, 8 పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. 2008లో హుడా పోయి హెచ్ఎండీఏ వచ్చింది. 2025లో దాని పరిధి 10 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. అదే ఏడు డిసెంబర్‌లో చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను గ్రేటర్‌లో కలిపారు. గీత గీయడం సులువు. గీత లోపలికొచ్చిన ఊరికి మంచినీళ్ళ పైపు ముందొస్తుందా, ఇంటిపన్ను నోటీసు ముందొస్తుందా అన్నది మా ఊళ్ళవాళ్ళు ఎవరైనా చెబుతారు.

అవుటర్ రింగ్ రోడ్డు చూడండి. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. విమానాశ్రయానికి పోయేవాళ్ళకు అదొక వరం. మా ఊళ్ళ పొలాల్లోంచి వేసిన ఆ రోడ్డెక్కడానికి మా నాయనల బైకులకు అనుమతి లేదు, ఆటోలకూ లేదు. ప్రమాదాల దృష్ట్యా అది న్యాయమే కావచ్చు. అయితే బండి లేనివాడికి ఏ దారి పెట్టారు? పక్కన సర్వీసు రోడ్డుంది సరే, దాని మీద ఈ ఊరి నుంచి ఆ ఊరికి తిరిగే బస్సులెన్ని? రైలు, మెట్రో, బస్సు అన్నిటినీ ఒక చోట కూర్చి ఆలోచించడానికి 2008లోనే ఉమ్టా అనే సంస్థకు చట్టంలో చోటిచ్చారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా మెట్రో దిగినవాడు మన హాస్టల్ చేరాలంటే మూడు బండ్లు మారాలి.

నగరం బాగును నగరం లోపలే వెతికితే దొరకదని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి వేల ప్రాణాలు పోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నది ఎగువకు పోయి చూశాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఆ చెరువులను కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాలకు కట్టుబాట్లు పెట్టారు. 2022లో వాటిని ఎత్తేస్తూ మరో జీవో ఇచ్చారు. మా అభిప్రాయంలో రెండూ సగం పనులే. నగరం తాగే నీళ్ళ కోసం ఆ రైతులు ఇరవై ఆరేళ్ళు ధర లేని భూమితో కూర్చున్నారు. వాళ్ళ నష్టాన్ని నగరం పంచుకోలేదు. పంచుకుని ఉంటే ఎత్తేయమని అంతగా అడిగేవారా?

ఇక భూమి సంగతి. మనలో ఎందరి ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున అసైన్డ్ పట్టా కాగితం ఉందో మనకు తెలుసు. 1977 చట్టం ప్రకారం దాన్ని మనం అమ్మరాదు. ప్రభుత్వం మాత్రం ప్రజాప్రయోజనం అని తిరిగి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే పట్టాదారుతో సమానంగా నష్టపరిహారం ఇవ్వాలని 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ళ డివిజన్ కేసులో చెప్పింది. ఈ తీర్పు సంగతి మా తాతలకు ఎవరూ చెప్పలేదు. మాలో ఒకరి తాత రెండెకరాలిచ్చి, ఇప్పుడు అదే చోట వాచ్‌మన్‌గా ఉన్నాడు. గేటు దగ్గర నిలబడి "ఇక్కడే మా బాయి ఉండె బిడ్డా" అని చూపించాడు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు కూడా ఇందులో పాలుంది. ఉద్యోగం రాగానే వంద గజాలో, నూటయాభయ్యో ప్లాటు కొన్నారు. లేఅవుటుకు అనుమతి లేదని తర్వాత తెలిసింది. 2020లో వెయ్యి రూపాయలు కట్టి క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టారు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి కట్టమన్నారు. కట్టినా మోరీ రాలేదని ఒక అన్న మొన్న ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. ముందు ఇండ్లు, తర్వాత అనుమతి, ఆ తర్వాతెప్పుడో మోరీ. ఈ వరస తిరగబడాలి. బస్సు, నీళ్ళు, మోరీ, బడి, హాస్టల్ స్థలం, కూలివాళ్ళకు పనికి దగ్గరగా ఇండ్లు, వీటికి మొత్తం ప్రాంతానికి ఒకే లెక్క వేసి, అవి గుర్తించిన తర్వాతే వెంచర్లకు అనుమతులివ్వాలన్నది మా మాట.

ఆ లెక్క ఎవరు వేయాలి? హెచ్ఎండీఏకు ముఖ్యమంత్రి అధ్యక్షులు, నడిపేది అధికారులు. 74వ రాజ్యాంగ సవరణ ఇంకో దారి చూపింది. 10 లక్షలు దాటిన మహానగర ప్రాంతానికి ప్రణాళికా సంఘం ఉండాలి, అందులో మూడింట రెండు వంతుల మంది కార్పొరేటర్లు, కౌన్సిలర్లు, సర్పంచుల నుంచి ఎన్నికై రావాలి. కలకత్తాలో 2001లోనే అలాంటి సంఘం వేశారు. మా ఊరి మాజీ సర్పంచును ఈ సంగతి అడిగితే, "అట్లాంటిదొకటి ఉంటదా?" అని మమ్మల్నే అడిగాడు. ఆయన రిజర్వుడు సీటులో గెలిచిన మనిషే. ఆయన కూర్చోవలసిన కుర్చీ సంగతి ఆయనకే తెలియదు.

పంచాయతీ కార్యదర్శులుగా, సర్వేయర్లుగా, టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేస్తున్న అన్నలకూ అక్కలకూ ఒక విన్నపం. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మాకు పెన్నులు, ప్లేట్లు తెస్తుంటారు, సంతోషం. ఈసారి మన మండలం మాస్టర్ ప్లాన్ పటం ఒకటి తెచ్చిపెట్టండి. రీడింగ్ రూములో తగిలిస్తాం. మన ఊళ్ళ మీద ఏ రంగు వేశారో, మన హాస్టల్ మీదుగా ఎన్నడుగుల రోడ్డు గీశారో చూడాలని ఉంది.