శాసనాలు లేని చరిత్ర

చరిత్ర అంటే రాజుల శాసనాలేనా? మన కొండల్లో శాసనాల్లేవు గనుక మనకు చరిత్ర లేదంటే నేను ఒప్పుకోను.

2006లో ఒక పరిశోధన ఓడ గోదావరి సముద్రంలో కలిసేచోటికి ఎదురుగా, 1,200 మీటర్లకు పైగా లోతులో, బంగాళాఖాతం అడుగుబురదను గొట్టంతో తీసింది. అందులో ఇసుకరేణువంత జీవుల గుల్లలున్నాయి. వాటిని ఫొరామినిఫెరా అంటారు. గోదావరి మోసుకెళ్ళిన ఆకుల మైనం కూడా ఉంది. గుల్లల్ని బట్టి ఆనాటి సముద్రపు నీటి ఉప్పదనం, మైనాన్ని బట్టి ఒడ్డున పెరిగిన మొక్కల తీరు తెలుస్తాయి. సుమారు 4,000 ఏళ్ళ కిందటి నుంచి గోదావరి పారే నేలలో వానలు తగ్గుతూ వచ్చాయని, కరువుకు ఓర్చే మొక్కలు పెరిగాయని 2012లో శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఆ ఆకులు రాలిన నేలలో మన అడవులూ ఉన్నాయి. అందుకే సోషల్ పుస్తకంలో రాజుల పక్కన ఈ బురద పాఠం కూడా ఉండాలంటాను. మీరేమంటారు?