గోడ కాదు, జాగా కావాలె

జూన్ వచ్చింది. బడులు తెరిచిండ్రు. కాశిబుగ్గ వాడల్లో ఏటా ఈ నెలలోనే ఒక లెక్క తేలుతది. ఏడో తరగతి పాసైన ఆడపిల్లల్లో ఎనిమిదికి పోయేదెవరు, ఇంట్ల ఆగిపోయేదెవరు?

ఆగిపోయిన పిల్లకు పని తయారుగనే ఉంటది. పత్తి ఏరుడు, మిర్చి తెంపుడు, తల్లి ఏనుమాముల మార్కెట్‌కు కూలికి పోతే తమ్ముణ్ణి ఎత్తుకునుడు. ఆ తర్వాత పెండ్లి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏండ్ల ఆడవాళ్ళలో నూటికి 23 మందికి పద్దెనిమిది నిండకముందే పెండ్లయింది. 2009 విద్యాహక్కు చట్టమేమో 14 ఏండ్లకే చేయి వదిలేస్తది. చట్టం వదిలిన చోటనే కులం, మగ పెత్తనం పట్టుకుంటయి.

"పెద్దమనిషయింది, ఇగ బడెందుకు" అనే తల్లిదండ్రులను తిట్టి లాభం లేదు. వాళ్ళది ఉత్త భయం కాదు. దళిత పిల్ల మీద చెయ్యేస్తే అడిగేవాడు లేడనుకునే సమాజం ఇది. అందుకే ఎనిమిది నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు ప్రత్యేక బడులు కావాలంటున్నం.

కానీ ఎందుకు కావాలో తేల్చుకోవాలె. పెద్దకులాలోళ్ళు గూడ ఆడపిల్లల బడే మంచిదంటరు. వాళ్ళకు కావాల్సింది కాపలా. పిల్ల వేరే కులపోడితో మాట్లాడొద్దు, కులం చెడొద్దు. మనువు చెప్పిందీ అదే. మనకు కావాల్సింది గోడ కాదు, మన పిల్ల నిలబడి మాట్లాడే జాగా.

నా సంగతే చెప్త. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. నేను చదివిన హైస్కూల్ల ప్రయోగం చేసేది మగపిల్లలు, చూసి రాసుకునేది ఆడపిల్లలు, గది ఊడ్చేది మా వాడ ఆడపిల్లలు. మరుగుదొడ్డికి తలుపు లేదు కాబట్టి నెలకు మూడు రోజులు ఇంట్లనే ఉంటుంటిమి. లేచి ప్రశ్న అడిగితే వెనుక నుంచి ఇకిలింపు. నోరు మూసుకునే పది గట్టెక్కిన. ఇప్పుడు పంతులమ్మనై చూస్తున్న. ఆడపిల్లలే ఉన్న తరగతిల పరీక్షనాళిక పట్టేది ఆడపిల్లే, లీడరూ ఆడపిల్లే, కబడ్డీ కెప్టెనూ ఆడపిల్లే. తప్పు జవాబు చెప్పడానికి గూడ జంకరు. చదువంటే సగం అదే గదా!

సావిత్రిబాయి, జోతిరావు ఫూలేలు పుణెలో ఆడపిల్లల బడి తెరిచింది 1848లో. వాళ్ళు నడిపిన బడుల్లో చదువుకున్న ముక్తాబాయి మాంగు కులపు పిల్ల. మాంగులంటే మన మాదిగల వంటివాళ్ళే. 1855లో ఆమె మాంగు, మహర్ల దుఃఖం మీద వ్యాసం రాసి బ్రాహ్మణాధిపత్యాన్ని నిలదీసింది. నెత్తిన నీడలేక కాన్పయ్యే ఆడవాళ్ళ బాధ చెప్పింది. అప్పుడామెకు పద్నాలుగేండ్లు. సరిగ్గా ఆ వయసులనే మనం పిల్లను బడి మాన్పిస్తున్నం.

అయితే బడి వేరైతేనే అన్నీ వస్తయనుకోవద్దు. సియోల్‌లో లాటరీ మీద బడులకు పంచిన పిల్లల్ని చూసి, ప్రత్యేక బడుల పిల్లలే కాలేజీకి ఎక్కువ పోతున్నరని 2013లో ఒక అధ్యయనం చెప్పింది. అంతకుముందే 2011లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు ఆ లాభానికి గట్టి రుజువు లేదన్నరు. గోడ మగపిల్లలను ఆపుతది, కులాన్ని ఆపదు. ఇంటిపేరు అడిగి పక్కకు జరిగే పిల్లలు, పంతులమ్మలు ఆడపిల్లల బడిల గూడ ఉంటరు. బడి లోపల ఏమున్నదనేదే అసలు ప్రశ్న.

2004లో కస్తూర్బా విద్యాలయాలు వచ్చినయి. సీట్లల్ల నూటికి 75 ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలవి. ఆడపిల్లల గురుకులాలున్నయి, 2016 నుంచి గురుకుల డిగ్రీ కాలేజీలున్నయి. ఇవి ఎవరి దయా కాదు. కానీ గురుకులాల్లో, ఆశ్రమ బడుల్లో అన్నం తిని పిల్లలు ఆసుపత్రుల పాలైన వార్తలు 2024లో వరుసగా చదివినం. మంచి అన్నం, నీళ్ళు, తలుపున్న మరుగుదొడ్డి, మన కులాల నుంచి వచ్చిన పంతులమ్మలు, ఇంటికి నడిచి పోయేంత దూరంల హైస్కూలు: ఇవి అడగాలె. అడుగుతనే ఉండాలె. మగపిల్లలకు ఆడపిల్లను మనిషిగ చూసుడు నేర్పే పని గూడ బడిదే. దాన్ని తప్పించుకోనియ్యొద్దు.

అవ్వలారా, నాయినలారా! ఈ జూన్‌ల పిల్ల టీసీని ట్రంకు పెట్టెల పెట్టకుండ్రి. ఆమె చేతికియ్యండి, ఎనిమిదో తరగతి దాకా తోడు నడవండి. కూలి ఒక్కపూట పోతే పోనీ. పిల్ల చదువు పోతే మళ్ళ రాదు.

జై భీమ్!